పడుకునే ముందు చదవడానికి కొత్త థ్రిల్లర్ రచయిత కావాలి (నిద్ర చెడగొట్టనివాళ్ళే)

నిశాచరి

లీ చైల్డ్ రాసిన జాక్ రీచర్ అనే మాజీ సైనికుడి పుస్తకాలు అన్నీ అయిపోయాయి. ఆ తరహాలోనే, పడుకునే ముందు ఓ నలభై నిమిషాలు హాయిగా సాగే ఇంకో రచయిత కావాలి. ఉత్కంఠ ఉండాలి గానీ దీపం ఆర్పాక అది వెంట రాకూడదు. హంతకుడి బుర్రలో కూర్చోబెట్టి నడిపించే కథలు వద్దు. పిల్లల మీద ఘోరాలు వద్దు. ఇంతసేపూ చెప్పింది అబద్ధమని చివర్లో చేతులు దులుపుకునే కథకులూ వద్దు.

నెట్‌లో ఏ జాబితా తెరిచినా అవే పది పేర్లు తిరుగుతున్నాయి. పేర్లతో పాటు ఎలా వెతకాలో కూడా చెప్పండి. ఈ రచయిత అయిపోయాక మళ్ళీ ఇదే ప్రశ్న పట్టుకుని రాకుండా ఉంటాను.

కేటలాగు

పేర్లకి ముందు ఒక మాట. "రీచర్ లాంటివి" అని వెతికితే వచ్చేవన్నీ మాజీ సైనికుడు, తుపాకులు, ఒంటరి ప్రయాణం. మీకు హాయినిచ్చింది అవి కాకపోవచ్చు.

ఆ పుస్తకాలని విడదీసి చూడండి. 1997లో వచ్చిన మొదటిది 'కిల్లింగ్ ఫ్లోర్' నుంచీ కొన్ని సంగతులు మారవు. రీచర్‌కి ఏమీ కాదని పాఠకుడికి ముందే తెలుసు. ఒక చోటు, ఒక చిక్కు, పుస్తకం అయ్యేసరికి లెక్క తేలిపోతుంది. ఒకటి రెండు మినహాయిస్తే తర్వాతి పుస్తకానికి బాకీ మిగలదు. పైగా కొట్లాట మధ్యలో కూడా రచయిత ఆగి, మోచెయ్యి ఎక్కడ తగిలితే ఏమవుతుందో తీరిగ్గా విప్పి చెబుతాడు. పైకి పరుగులా కనిపించే ఆ పుస్తకాలు లోపల చాలా నిదానం.

కాబట్టి మీరు వెతకాల్సింది భరోసా. ఏ రచయిత పేరు విన్నా ఇవి అడగండి: ఉత్కంఠ ఎక్కడ పుడుతోంది? ఎవరు చేశారన్న దగ్గరా, ఎలా పట్టుకుంటారన్న దగ్గరా, ఎలా బయటపడతాడన్న దగ్గరా? ముఖ్యపాత్ర చచ్చిపోయే అవకాశం నిజంగా ఉందా? కథ ఆ పుస్తకంలోనే ముగుస్తుందా? రచయితకి ఏదైనా పని గురించి లోతుగా తెలుసా, దాన్ని విడమరిచి చెబుతాడా? ఈ చివరిది చాలామంది పట్టించుకోరు. హాయికి సగం కారణం అదే. పని వివరం చదివేటప్పుడు మనసు కుదుటపడుతుంది.

ఇంకో సంగతి. 2020లో వచ్చిన 'ది సెంటినెల్' నుంచి రీచర్ పుస్తకాల్ని లీ చైల్డ్‌తో ఆయన తమ్ముడు ఆండ్రూ కలిసి రాస్తున్నాడు. ఆఖరివి ముందువాటిలా లేవనిపించి ఉంటే కారణం బహుశా అదే.

పాతగూఢచారి

కేటలాగు గారి లెక్క ప్రకారం మొదట రావాల్సిన పేరు డిక్ ఫ్రాన్సిస్. గుర్రప్పందేల్లో జాకీగా పనిచేసి, ఆ తర్వాత రచయిత అయ్యాడు. మొదటి నవల 'డెడ్ సర్ట్' 1962లో వచ్చింది. నవలలు నలభైకి పైనే. దాదాపు అన్నీ "నేను" అని చెప్పే కథలే, చాలావాటిలో ప్రతిసారీ కొత్త మనిషి, కొత్త వృత్తి. 'ప్రూఫ్'లో వైన్ వ్యాపారి, 'బ్యాంకర్'లో బ్యాంకు ఉద్యోగి, 'షాటర్డ్'లో గాజు ఊదేవాడు. వరస అక్కర్లేదు, ఏది దొరికితే అది మొదలెట్టొచ్చు. సిడ్ హాలీ అనే పాత్ర మాత్రం కొన్నింట్లో తిరిగి వస్తాడు. అవి 'ఆడ్స్ అగెనెస్ట్' (1965) నుంచి చదవాలి.

ఒక హెచ్చరిక. ఇంచుమించు ప్రతి పుస్తకంలోనూ కథానాయకుడు ఒకసారి గట్టిగా దెబ్బలు తింటాడు. ఆ నాలుగైదు పేజీలు వస్తున్నాయని ముందే తెలిసిపోతుంది, కావాలంటే దాటేయొచ్చు.

రెండోది ఫ్రెడరిక్ ఫోర్సైత్ 'ది డే ఆఫ్ ది జాకాల్' (1971). ఫ్రెంచ్ అధ్యక్షుడు డి గాల్‌ని చంపడానికి కిరాయి హంతకుణ్ణి పెట్టుకుంటారు. డి గాల్ హత్యకి గురికాలేదని పుస్తకం తెరిచే ప్రతివాడికీ తెలుసు. అయినా వదలబుద్ధి కాదు. ఎందుకంటే "చంపుతాడా" అన్నది ప్రశ్నే కాదు, పని ఎలా సాగుతుందన్నదే ప్రశ్న. చిన్నప్పుడే చనిపోయిన ఒకరి పేరు సమాధి మీద చూసి, ఆ పేరున జనన ధ్రువపత్రం తీసుకుని, దాంతో పాస్‌పోర్టుకి దరఖాస్తు చేసే భాగం చూడండి. అంత ఉత్కంఠా గుమాస్తా పనిలోంచే పుడుతుంది. ఫోర్సైత్ పాత్రికేయుడు, ఆ చూపు అడుగడుగునా కనిపిస్తుంది.

ఆఖరిపేజీ

జాకాల్ మంచి ఉదాహరణే గానీ, ఫోర్సైత్ అన్నీ అలా ఉండవు, ఆయన తర్వాతి పుస్తకాల్లో రాజకీయ వివరం పేజీలకి పేజీలు సాగుతుంది. ఆ ఒక్కటీ చదివి ఆగినా నష్టం లేదు.

నేను చెప్పేది కొందరికి నచ్చదు. నిద్రకి ముందు చదివేటప్పుడు ముగింపు ముందే చూసేయండి. 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు ఒక అధ్యయనం ప్రచురించారు. ముగింపు ముందే తెలిసిన కథల్ని పాఠకులు తక్కువగా కాదు, కొంచెం ఎక్కువగానే ఆస్వాదించారని తేలింది. వాటిలో అపరాధ పరిశోధన కథలూ ఉన్నాయి. తర్వాత జరిగిన పరిశోధనలన్నీ అలాగే తేల్చలేదు, ఆ మాటా చెప్పాలి. అయినా మీ అవసరానికి ఇది సరిపోతుంది. ముఖ్యపాత్ర బతుకుతుందని తెలిశాక మిగతాదంతా నిశ్చింతగా చదవొచ్చు.

కేటలాగు

ముగింపు చూడమనడం ఇలాంటి అవసరానికి సరే గానీ, "ఎవరు చేశారు" తరహా పుస్తకాలకి ఈ సలహా పాటిస్తే ఇక చదవడానికి ఏమీ మిగలదు. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్' ముగింపు ముందు చదివినవాడు దాన్ని పోగొట్టుకున్నట్టే. "ఎలా" తరహాకైతే పరవాలేదు.

ముగింపు చూడకుండా పుస్తకం తూచే పద్ధతి ఒకటుంది. ఈబుక్ దుకాణాల్లో ఉచితంగా దొరికే నమూనా సాధారణంగా పుస్తకం మొదట్లోంచి ఓ పదోవంతు. థ్రిల్లర్ విషయంలో అది మోసం చేస్తుంది. మొదటి అధ్యాయాన్ని ఎవరైనా చెక్కి చెక్కి పెడతారు, ఏజెంటుకీ ప్రచురణకర్తకీ ముందు వెళ్ళేది అదే కాబట్టి. అందుకని నమూనాలో ప్రోలాగ్ (కథకి ముందుమాటలా ఉండే ముక్క), మొదటి అధ్యాయం దాటేసి రెండో, మూడో అధ్యాయాలు చదవండి. గమనించాల్సింది అధ్యాయాల ఆఖరి వాక్యాలు. ప్రతి అధ్యాయమూ తలుపు చప్పుడుతోనో, ఫోను మోతతోనో, "అప్పుడే చూశాడు దాన్ని" అనో ముగుస్తుంటే ఆ పుస్తకం పగటిపూటకి పెట్టుకోండి.

అచ్చు పుస్తకం చేతిలో ఉంటే 99వ పేజీ తెరవండి. అక్కడికి తొలి ఊపు అయిపోయి ఉంటుంది, ముగింపు హడావుడి ఇంకా మొదలవదు. ఇద్దరు మనుషులు కూర్చుని మాట్లాడుకునే దృశ్యాన్ని ఆ రచయిత ఎలా నడుపుతాడో అక్కడ తెలుస్తుంది. ఆ పేజీ బాగుంటే పుస్తకం మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఎంతవరకు చదివి వదిలేయాలి అంటే, నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ చెప్పిన లెక్క ఒకటుంది. 50 పేజీలు చదివి చూడాలి. యాభై ఏళ్ళు దాటినవాళ్ళు 100లోంచి తమ వయసు తీసేసి, మిగిలినన్ని పేజీలు చదివితే చాలు.

అనువాదాల_అటక

అవే పది పేర్లు తిరగడానికి కారణం, జాబితాలన్నీ మొదట ఇంగ్లీషులో రాసినవాళ్ళ చుట్టూనే తిరగడం. అనువాదాల్లోకి రండి, ఈ అవసరానికి సరిగ్గా సరిపడేవి అక్కడే ఎక్కువ.

మొదట జార్జ్ సిమెనాన్ ఫ్రెంచ్‌లో రాసిన మెగ్రే అనే పోలీసు అధికారి నవలలు. మొత్తం 75, మొదటిది 1931లో వచ్చింది. ఒక్కోటి ఇంచుమించు 150 నుంచి 180 పేజీలు, రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది. మెగ్రే పరుగెత్తడు. నేరం జరిగిన చోట కూర్చుని, పైపు వెలిగించుకుని, అక్కడి మనుషుల్ని గమనిస్తాడు. వరస పట్టించుకోనక్కర్లేదు. పెంగ్విన్ వాళ్ళు 2013 నుంచి మొత్తం 75నీ కొత్తగా అనువాదం చేయించి వేశారు. చిక్కల్లా పాత అనువాదాల పేర్లు వేరుగా ఉండటమే. మొదటి పుస్తకం ఇప్పుడు 'పీటర్ ది లాట్వియన్' అని దొరుకుతుంది. పాతది 'మెగ్రే అండ్ ది ఎనిగ్మాటిక్ లెట్'. తెలియక రెండూ తెచ్చుకునేవాళ్ళు చాలామంది. కాపీరైటు పేజీలో మూల భాషలోని పేరు ఉంటుంది, దాంతో సరిచూసుకోండి.

తర్వాత స్వీడన్ నుంచి షోవాల్, వాలో. భార్యాభర్తల్లా కలిసి బతికిన ఈ జంట మార్టిన్ బెక్ అనే పోలీసు డిటెక్టివ్ నవలలు పది రాశారు, 1965లో 'రోజానా' నుంచి 1975లో 'ది టెర్రరిస్ట్స్' దాకా. పిల్లల్ని పడుకోబెట్టాక, చెరో అధ్యాయం చొప్పున రాసేవాళ్ళట. 'రోజానా'లో కాలువలోంచి ఒక శవం బయటపడుతుంది, ఆ తర్వాత నెలల తరబడి ఏమీ తేలదు. ఉత్తరాలకి జవాబులు రావాలి, ఫొటోలు ఒక్కొక్కటే చేరాలి. నిజం దర్యాప్తులో ఉండే ఆ ఎదురుచూపునే కథ చేశారు. వీటిని మాత్రం వరసలో చదవాలి, పాత్రల జీవితాలు మారుతుంటాయి.

జపాన్ వైపు సెయిచో మాత్సుమోతో 'పాయింట్స్ అండ్ లైన్స్' (1958). కొత్త అనువాదం పేరు 'టోక్యో ఎక్స్‌ప్రెస్'. మొత్తం కథ రైళ్ళ టైంటేబుల్ మీద నడుస్తుంది. టోక్యో స్టేషన్లో 13వ ప్లాట్‌ఫామ్ మీంచి చూస్తే 15వ ప్లాట్‌ఫామ్ మీదున్న రైలు రోజంతటిలో నాలుగే నాలుగు నిమిషాలు కనిపిస్తుంది, మిగతా సమయమంతా మధ్యలో ఇంకో రైలు అడ్డం. సరిగ్గా ఆ నాలుగు నిమిషాల్లోనే సాక్షులు అక్కడ ఎందుకున్నారు? దర్యాప్తు అక్కడ పట్టు దొరకబుచ్చుకుంటుంది. రక్తం లేదు, అరుపులు లేవు, కాగితం మీద అంకెలే.

నిశాచరి

మాత్సుమోతో నోట్ చేసుకున్నాను. కీగో హిగాషినో పేరు కూడా ఎక్కువగా వినిపిస్తుంది. అది నేను వద్దన్న "హంతకుడి బుర్ర" కోవలోకి వస్తుందా?

అనువాదాల_అటక

రాదు. 'ది డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్' (2005, జపాన్‌లో నావోకి బహుమతి పొందింది) మొదటి అధ్యాయంలోనే హత్య మన కళ్ళముందే జరుగుతుంది, ఎవరు చేశారో తెలిసిపోతుంది. పక్కింటి లెక్కల మాస్టారు హత్య చేసినవాళ్ళని కాపాడటానికి ఒక ఏర్పాటు చేస్తాడు. పోలీసులు దాన్ని ఎలా ఛేదిస్తారన్నదే కథ. మాస్టారు చేసేది చూస్తాంగానీ, ఎందుకు చేస్తున్నాడో పూర్తిగా చెప్పరు. క్రూరత్వంలో ఆనందించే ధోరణి లేదు. ముగింపు మాత్రం బరువుగా ఉంటుంది. వారాంతానికి పెట్టుకోండి.

జపాన్ పేర్లు కలగాపులగం అవుతున్నాయనేవాళ్ళకి ఒక ఉపాయం. బుక్‌మార్క్ వెనక మొదటి ముప్ఫై పేజీల్లో వచ్చే పేర్లు రాసుకోండి, పక్కన ఒక్క మాట: "కూతురు", "డిటెక్టివ్", "మాజీ భర్త". ఈరీడర్‌లో అయితే పేరు మీద వేలు నొక్కి పుస్తకంలో వెతకండి, మొదటిసారి ఎక్కడొచ్చిందో చూసి వెనక్కి రండి. ఫలితాల్ని కిందిదాకా జరపొద్దు, చివరి అధ్యాయాల వాక్యాలు బయటపడతాయి.

నార్వే రచయిత యో నెస్బో గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి ముందే చెబుతున్నా. మీకు పడదు, హింస ఎక్కువ. చదివేవాళ్ళు వరస జాగ్రత్త. ఇంగ్లీషులో ఆయన డిటెక్టివ్ హ్యారీ హోలే పుస్తకాలు తలకిందులుగా వచ్చాయి. అయిదోది 'ది డెవిల్స్ స్టార్' ముందొచ్చింది, మొదటిది 'ది బ్యాట్' 2012 దాకా రాలేదు. మూడు, నాలుగు, అయిదు పుస్తకాల్ని ఒకే పాత కేసు కలుపుతుంది. అయిదోది ముందు చదివితే మిగతా రెండింటి గుట్టు తెలిసిపోతుంది.

రెండుపేర్లు

మారుపేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త రచయితని వెతికేవాళ్ళకి ఇది బంగారు గని. ఒకే రచయిత రెండు పేర్లతో రాస్తున్నాడంటే, చాలాసార్లు ఆ రెండో పేరు వెనక రెండో స్వభావం ఉంటుంది.

రూత్ రెండెల్ వెక్స్‌ఫర్డ్ నవలలు పోలీసు దర్యాప్తు కథలు, మీకు నప్పుతాయి. ఆవిడే 1986 నుంచి బార్బరా వైన్ పేరుతో రాసినవి కుటుంబ రహస్యాల లోతుల్లోకి దిగుతాయి, అర్ధరాత్రికి పనికిరావు. డొనాల్డ్ వెస్ట్‌లేక్ ఇంకా తమాషా. రిచర్డ్ స్టార్క్ పేరుతో రాసిన పార్కర్ (మొదటిది 'ది హంటర్', 1962) కరుడుగట్టిన దొంగ, ఒక్క నవ్వు ఉండదు. అలాంటి పార్కర్ కథ ఒకటి మొదలెడితే అది పదేపదే హాస్యంలోకి జారిపోయిందట. అందుకని పార్కర్‌ని తీసేసి, సొంత పేరుతో డోర్ట్‌మండర్ అనే దురదృష్టపు దొంగని సృష్టించాడు. అదే 'ది హాట్ రాక్' (1970). ఒకే రత్నాన్ని మళ్ళీ మళ్ళీ దొంగిలించాల్సి వస్తుంది. పథకం వివరం అంతా ఉంటుంది, భయం ఉండదు. నిశాచరి గారికి నా ఓటు దీనికే.

ఇంకో రకం పేరు మోసం. చనిపోయిన రచయిత పేరు కవర్ మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, అసలు రాసినవాడి పేరు కింద చిన్నగా. రాబర్ట్ లుడ్లమ్ 2001లో, టామ్ క్లాన్సీ 2013లో చనిపోయారు. ఆ పేర్లతో పుస్తకాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. చెడ్డవని కాదు, మీకు నచ్చిన మనిషి రాసినవి కావంతే. చిన్నక్షరాల్లో ఉన్న పేరు నచ్చితే ఆ పేరుతోనే వెతకండి, సొంతంగా రాసినవి దొరకొచ్చు.

అమెరికాలో ఒక పేరు, బ్రిటన్‌లో ఒక పేరు ఉండే సమస్యా ఉంది. క్రిస్టీ 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' 1934లో అమెరికాలో 'మర్డర్ ఇన్ ది కలే కోచ్' అనే పేరుతో వచ్చింది.

పాతగూఢచారి

మిక్ హెరన్ 'స్లో హార్సెస్' (2010) కూడా చేర్చండి. పొరపాట్లు చేసిన గూఢచారుల్ని ఒక పాత భవనంలోకి తోసి, విసుగొచ్చి రాజీనామా చేసేదాకా కాగితాల పని అప్పజెబుతారు. నవ్వుతూ చదవొచ్చు. రెండోది 'డెడ్ లయన్స్' 2013లో గోల్డ్ డాగర్ (బ్రిటన్‌లో నేర నవలలకిచ్చే బహుమతి) గెలిచింది.

ఆఖరిపేజీ

హాస్యం ఉంది, ఒప్పుకుంటా. కానీ కేటలాగు గారి రెండో ప్రశ్న దగ్గర హెరన్ తప్పుతాడు. మనకి అలవాటైన పాత్రల్ని మొహమాటం లేకుండా చంపేస్తాడు, పైగా కథలు పుస్తకం నుంచి పుస్తకానికి మోసుకొస్తాయి. గొప్ప రచయితే, ఈ అవసరానికి కాదు. గూఢచారి నవలల జాన్ లె కారే కూడా అంతే. 'ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్' (1963) పొట్టి పుస్తకం, కానీ అది చదివి హాయిగా నిద్రపోయినవాడుంటే చూడాలి. 'టింకర్ టైలర్' రోజుకి ఇరవై పేజీల చొప్పున చదివితే ఎవరు ఎవరో మర్చిపోతాం.

పాతగూఢచారి

పాత్రలు చనిపోవడం, కలవరపెట్టడం ఒకటి కాదండీ. హెరన్ వాక్యమే ఊరడిస్తుంది. సరే, నిశాచరి గారి షరతుల్లో ఇమడదు కాబట్టి వెనక్కి తీసుకుంటున్నా, పగటిపూట జాబితాలో ఉంచండి.

అట్టవెనక

సమీక్షలు, ప్రకటనల భాష గురించి. ఈబుక్ దుకాణాల్లో పుస్తకం పేరు పక్కనే పొడుగ్గా "ఊపిరి బిగపట్టించే, దిమ్మతిరిగే మలుపున్న సైకలాజికల్ థ్రిల్లర్" అని ఉంటుంది. అది పుస్తకం పేరులో భాగం కాదు, వెతుకులాటలో ముందు కనిపించడానికి ప్రచురణకర్త తగిలించిన తోక. ఆ తోకలో "మలుపు" ఉందంటే కథకుడు ఏదో దాచాడని అర్థం, అంటే మీ మూడో నిషేధం. "డొమెస్టిక్" అంటే ముప్పు ఇంట్లోనే, భర్తో భార్యో పక్కింటివాళ్ళో. "ప్రొసీజరల్" అంటే దర్యాప్తు పని, మీకు కావాల్సింది. "స్లో బర్న్" రెండు అంచుల కత్తి. నిదానం అనుకుని తెచ్చుకుంటే దిగులు కూడా వెంట రావచ్చు. "కింద పెట్టలేరు" అన్న పొగడ్త మీకు పొగడ్త కాదు.

అయిదు నక్షత్రాల సమీక్షలు అభిమానం, ఒక నక్షత్రానివి కోపం, అందులోనూ సగం పార్సిలు ఆలస్యమైందన్న కోపం. చదవాల్సింది మూడు నక్షత్రాలవి. అక్కడ జనం కారణాలు చెబుతారు. "మధ్యలో సాగదీశాడు, తుపాకుల వివరం ఎక్కువైంది" అని ఎవరో విసుక్కుంటే అది మీకు సిఫారసు కావచ్చు.

పిల్లల మీద ఘోరాల విషయం కవర్ వెనక రాయరు. స్టోరీగ్రాఫ్ అనే పుస్తకాల సైటులో పాఠకులు పెట్టే కంటెంట్ హెచ్చరికలు చూడండి, అక్కడే వేగం, మూడ్ బట్టి జల్లెడ పట్టొచ్చు కూడా. ఉదాహరణకి మైకేల్ కానెలీ. బాష్ అనే పోలీసు డిటెక్టివ్ సీరీస్ మీకు చాలావరకు సరిపోతుంది, 'ది బ్లాక్ ఎకో' (1992) నుంచి మొదలెట్టొచ్చు. కానీ అందులోనే 'సిటీ ఆఫ్ బోన్స్' ఒక పిల్లవాడి ఎముక దొరకడంతో మొదలవుతుంది. రచయిత సరిపడినంత మాత్రాన ప్రతి పుస్తకమూ సరిపడదు. అదే రచయిత 'ది లింకన్ లాయర్' (2005) కోర్టు కథ, వేరే రుచి.

సీరీస్ వరసకి స్టాప్ యు ఆర్ కిల్లింగ్ మి అనే సైటు ఉంది. పాత్ర పేరు, వృత్తి, కథ జరిగే ప్రదేశం, ఏది పట్టుకున్నా వెతకొచ్చు. "పని వివరం" కావాలన్నారు కదా, వృత్తుల జాబితాలోంచి మొదలెట్టండి. లైబ్రరీ సభ్యత్వం ఉంటే నావెలిస్ట్ అనే డేటాబేస్ వాళ్ళ దగ్గర ఉందేమో అడగండి. "ఇది నచ్చితే ఇవి" అన్న సూచనల్ని అక్కడ అమ్మకాల లెక్కతో కాకుండా కథ వేగం, ధోరణి చూసి ఇస్తారు.

బహుమతుల జాబితాల్లో విజేతల కన్నా తుది పోటీదాకా వచ్చినవాళ్ళని చూడండి. అమెరికాలో నేర కథలకిచ్చే ఎడ్గార్ బహుమతుల్లో "తొలి నవల" విభాగం కొత్త పేర్లకి మంచి చోటు. థ్రిల్లర్లకే ప్రత్యేకంగా కావాలంటే ఇయాన్ ఫ్లెమింగ్ స్టీల్ డాగర్ బహుమతి ఉంది, 2002 నుంచి ఇస్తున్నారు.

ఇంకొకటి, దీన్ని వాడేవాళ్ళు తక్కువ. మీకు నచ్చిన పుస్తకం చివర కృతజ్ఞతల పేజీ తెరిచి, ఎడిటర్ పేరు చూడండి. ఆ పేరుని "కృతజ్ఞతలు" అన్న మాటతో కలిపి ఇంగ్లీషులో వెతికితే అదే ఎడిటర్ దిద్దిన వేరే రచయితలు బయటపడతారు. అనువాదమైతే అనువాదకుడి పేరుతో వెతకండి.

చెవిపాఠకుడు

ఆడియోబుక్ వినేవాళ్ళకి నాలుగు ముక్కలు. అన్‌అబ్రిడ్జ్‌డ్ (కుదించనిది) అని ఉందో లేదో చూడండి, కుదించిన వాటిలో ముందు ఎగిరిపోయేది పని వివరమే. నమూనాలో గొంతు మార్పులు గమనించండి. ప్రతి పాత్రకీ నాటకం వేస్తూ చదివి వినిపించేవాడు నిద్ర పట్టనివ్వడు. స్లీప్ టైమర్‌ని "అధ్యాయం చివర" అని పెట్టకండి, 20 నిమిషాలు అని పెట్టండి. పాత పుస్తకం రెండోసారి వినడం అన్నిటికన్నా మేలు, ఎక్కడ కునుకు పట్టినా నష్టం లేదు.

కేటలాగు

ఆ టైమర్ మాట చదివేవాళ్ళకీ వర్తిస్తుంది. అధ్యాయం చివర ఆగడం మనకి అలవాటు, రచయిత ఉచ్చు పన్నేదీ అక్కడే. రెండు మూడు పేజీల అధ్యాయాలున్న పుస్తకాల్లో "ఇంకొక్కటే" అంటూ తెల్లారిపోతుంది. తర్వాతి అధ్యాయంలోకి వెళ్ళి రెండు పేజీలు చదివి, తలుపు తట్టినవాడెవడో తెలిశాక, పేరా మధ్యలో మూసేయండి. మర్నాడు అందుకోవడమూ సులువే.

అట్టచిరిగినది

ఇక్కడ చాలామందికి తెలిసిన పేర్లతో చెబితే: మధుబాబు షాడో తరహా నచ్చేవాళ్ళు రీచర్ వైపు వెళ్ళొచ్చు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్ తరహా, అంటే ప్రశ్న, ఆధారం, సమాధానం నచ్చేవాళ్ళకి మెగ్రే, మార్టిన్ బెక్. ఇది మోటు లెక్కే గానీ పనిచేస్తుంది.

నిశాచరి

అందరికీ ధన్యవాదాలు. మూడు నమూనాలు దించుకున్నాను: 'ది హాట్ రాక్', 'టోక్యో ఎక్స్‌ప్రెస్', 'ప్రూఫ్'. పాతగూఢచారి గారూ, గుర్రప్పందేల గురించి ఓనమాలు కూడా తెలియనివాళ్ళకి డిక్ ఫ్రాన్సిస్ అర్థమవుతాడా?

పాతగూఢచారి

నిశ్చింతగా చదవండి. కథకి కావాల్సినంత వరకు ఆయనే చెబుతాడు. 'ప్రూఫ్'లో గుర్రాలు పక్కనే ఉంటాయి, నడిచేది అంతా మద్యం కల్తీ మీద. ఒక సీసాలోది ఇంకో లేబుల్‌తో ఎలా అమ్ముతారు, నాలుక ఎలా కనిపెడుతుంది, అదీ విషయం. ఒక హత్య మాత్రం ఘోరంగా ఉంటుంది, చూపించడు గానీ ఎలా జరిగిందో చెబుతారు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అన్న మాట రాగానే ఆ పేజీ తిప్పేయండి.

కొనేటప్పుడు కవర్ చూసుకోండి. 2007 నుంచి వచ్చినవి కొడుకు ఫీలిక్స్‌తో కలిసి రాసినవి, 2010లో డిక్ చనిపోయాక వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఫీలిక్స్ ఒక్కడివే, అయినా తండ్రి పేరే పెద్దగా కనిపిస్తుంది. 2000లో వచ్చిన 'షాటర్డ్' దాకా ఉన్నవి ముందు పూర్తి చేయండి. అక్కడికే చాలాకాలం సరిపోతాయి.